మా తమ్ముడి గదిలోంచి మీరు తీసేసిన వాటి గురించి

ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

విషయం: మీ దేశానికి చదువుకోవడానికి వచ్చిన మా తమ్ముడు మీరు అద్దెకిచ్చిన గదిలో చనిపోయాక ఆ గదిని మీ సంస్థ ఖాళీ చేయించిన తీరు, అడిగిన రికార్డులు ఇవ్వకపోవడం.

అయ్యా,

ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషు అనువాదం వెనక జతచేశాను. దీని మీద మా అమ్మానాన్నలు కూడా సంతకం పెడుతున్నారు. దేని కింద సంతకం పెడుతున్నారో వాళ్ళు చదువుకోవాలి కదా. పైగా గది బుక్ చేసిన రోజు మీ కంపెనీ తరఫున ఫోన్ చేసిన అమ్మాయి నాతో నలభై నిమిషాలు చక్కటి తెలుగులోనే మాట్లాడింది. రాత్రింబవళ్ళు సెక్యూరిటీ ఉంటుందనీ, ఏ అవసరమొచ్చినా ఒక్క ఫోన్ చాలనీ చెప్పింది. "మీ తమ్ముడంటే మాకూ తమ్ముడే అక్కా" అంది. వాడు పోయాక అదే నంబరుకు చేస్తే, తెలుగు వచ్చినవాళ్ళు ప్రస్తుతం లేరన్నారు.

జరిగింది వరసగా చెబుతాను. టైములన్నీ వాడున్న చోటివే.

ఆదివారం రాత్రి 10 గంటలకు వాడు నాతో వీడియో కాల్ మాట్లాడాడు. గొంతు బొంగురుపోయి ఉంది. దగ్గు తగ్గడం లేదక్కా, మాత్రలు వేసుకుంటున్నా అన్నాడు. ఏం మాత్రలని నేను అడగలేదు. సోమవారం రోజంతా ఫోన్ ఎత్తలేదు. క్లాసుకు కూడా రాలేదని సాయంత్రం వాడి స్నేహితుడు చెప్పాడు. రాత్రి 8 గంటలకు మీ 24 గంటల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. అద్దెకున్న మనిషి అనుమతి లేనిదే తలుపు తీయలేమనీ, ప్రైవసీ నిబంధన ఉందనీ అన్నారు. అనుమతి ఇవ్వాల్సినవాడే ఫోన్ ఎత్తడం లేదండీ అంటే ఒక టికెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదైన సంఖ్య, ఇచ్చారు. 11:20కి చేస్తే ఇంకో టికెట్. తెల్లవారుజామున 3 గంటలకు చేస్తే మూడోది. మంగళవారం మధ్యాహ్నం 1 గంటకు పోలీసులు వచ్చి మీ మాస్టర్ కీతో తలుపు తీయించారు. వాళ్ళను పిలిచింది మీరు కాదు, ఆ స్నేహితుడు. నా మొదటి ఫోన్‌కీ ఆ తలుపు తెరుచుకోవడానికీ మధ్య 17 గంటలు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. వాడు బహుశా సోమవారం తెల్లారేలోపే పోయి ఉంటాడని పోస్టుమార్టం చేసిన డాక్టరు అన్నారు. అంటే నా మొదటి ఫోన్‌కే మీరు వెళ్ళినా వాడు దక్కేవాడు కాదేమో. ఆ మాట మాకు కాస్త ఊరట. మీకు మాత్రం కాదు. ఎందుకంటే టికెట్లు ఇచ్చిన రాత్రి ఆ సంగతి మీకు తెలియదు. లోపల మనిషి బతికే ఉన్నాడనుకునే మీరు తలుపు తీయలేదు. ఆలస్యమయ్యేకొద్దీ ఎన్నింటికి పోయాడో అంచనా కట్టడం కూడా కష్టమవుతుంది. ఇప్పుడు మా చేతిలో ఉన్నది ఒక గంట కాదు, ఆదివారం రాత్రంతా.

ఆ కబురు కూడా మాకు మీ నుంచి రాలేదు. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలో రాయమని మీరిచ్చిన ఫారంలో నా పేరు, రెండు నంబర్లు నేనే నింపాను. పోలీసులు అడిగితే మీ ఆఫీసు ఇచ్చింది బుకింగ్ ఏజెంటు నంబరు. విదేశీయులు ఎవరైనా చనిపోతే ఆలస్యం లేకుండా వారి కాన్సులేట్‌కు తెలియజేయాలని 1963 వియన్నా ఒప్పందం 37వ అధికరణ చెబుతుంది. అది ప్రభుత్వాల బాధ్యత, మీ మీద రుద్దను. కానీ మీ దగ్గరున్న ఒక్క కాగితం సరిగా చూసి ఇచ్చి ఉంటే, మా నాన్న ఈ వార్త వాట్సాప్‌లో ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌లో చదివేవారు కాదు.

ఇక అసలు ఫిర్యాదు.

పోస్టుమార్టంలో ఏమీ దొరకలేదు. దెబ్బ లేదు. గుండె, మెదడు, ఊపిరితిత్తులు కంటికి మామూలుగానే ఉన్నాయి, మైక్రోస్కోపు కింద కూడా. మత్తుమందులు, మద్యం లేవు. మరణ ధ్రువపత్రంలో కారణం నిర్ధారణ కాలేదని రాసి, పక్కన ఆర్99 అని వేశారు. అదేమిటో వెతికి చూశాను. కారణం తెలియని చావులకు అంతర్జాతీయ వ్యాధుల పట్టికలో వేసే కోడు అది. ఇరవై రెండేళ్ళ పిల్లాడు ఒక అక్షరం, రెండు అంకెలయ్యాడు.

ఆ డాక్టరు మాతో గంటసేపు ఓపిగ్గా మాట్లాడారు. గుండె ఆకారం బాగానే ఉన్నా, దాన్ని కొట్టించే విద్యుత్తులో లోపం ఉండొచ్చట. లాంగ్ క్యూటీ అనీ, 1992లో బయటపడిన బ్రుగాడా సిండ్రోమ్ అనీ, ఇలాంటివి కొన్ని ఉన్నాయట. గుండె ఆగిపోయాక వీటి జాడ కంటికి కనబడదు. బతికుండగా ఈసీజీలో కనిపించవచ్చు, లేదా జన్యుపరీక్షలో తేలవచ్చు. ఇవి కుటుంబాల్లో వస్తాయి కాబట్టి మమ్మల్ని కూడా చూపించుకోమన్నారు. నేను, మా చెల్లి ఈసీజీ తీయించుకున్నాం. చెల్లిది మళ్ళీ తీయాలన్నారు. అందుకే ఈ ఉత్తరం గడిచిపోయినదాని గురించి మాత్రమే కాదు.

అప్పుడు డాక్టరు మూడు ప్రశ్నలు అడిగారు. వాడు ఏ మాత్రలు వేసుకుంటున్నాడు? దగ్గుకు, ఇన్‌ఫెక్షన్‌కు మామూలుగా వాడే కొన్ని యాంటీబయోటిక్స్, కొన్ని అలర్జీ మాత్రలు కూడా ఇలాంటి లోపం ఉన్నవారి గుండె లయను దెబ్బతీస్తాయట. రెండోది, పోయేటప్పుడు నిద్రలో ఉన్నాడా, లేచి తిరుగుతున్నాడా? కొన్ని రకాలు నిద్రలో తీసుకెళ్తాయి, కొన్ని పరుగులో, భయంలో. మూడోది, గదిలో గ్యాస్‌తో నీళ్ళు కాచే హీటర్ ఉందా?

ఈ మూడింటికీ జవాబులు ఆ గదిలోనే ఉన్నాయి. బుధవారం పోలీసులు మీకు తాళం తిరిగిచ్చారు. గురువారం మీరు గది శుభ్రం చేయించారు. వీసా దొరికి మేం వచ్చేసరికి శనివారం అయింది.

మీ మేనేజర్ నాకో జాబితా ఇచ్చారు. నేను ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను, జాబితాలు చదవడం నా ఉద్యోగం. చొక్కాలు ఎన్ని, పుస్తకాలు ఎన్ని, చార్జర్లు ఎన్ని, అన్నీ లెక్కగా ఉన్నాయి. తడి తువ్వాలు కూడా మడతపెట్టి అట్టపెట్టెలో పెట్టారు. తెరిస్తే గుప్పున బూజు వాసన. కింద చివరి వరసలో ఉంది: "మందులు, తినుబండారాలు, చెత్త: పారవేయబడినవి." అంతే. మాత్రల పేరు రాయడానికి పట్టేది పది సెకన్లు. రంగు పెన్నుల సంఖ్య రాసినవాళ్ళకు ఆ పది సెకన్లు లేకపోయాయి. కడుపులో, రక్తంలో మందులేవైనా ఉన్నాయేమోనని ల్యాబు వెతుకుతూనే ఉంది. కానీ ఏం వెతకాలో తెలిసి వెతకడం వేరు, చీకట్లో తడమడం వేరు.

గది చూస్తామంటే మీ మేనేజర్ ఐదు నిమిషాలు ఇచ్చారు. కొత్త పరుపు వేసి ఉంది. హీటర్ ఉన్న అల్మారా పైన సీలింగ్‌కు అరచేయంత గుండ్రటి తెల్లటి మచ్చ, అందులో రెండు స్క్రూ రంధ్రాలు కనిపించాయి. చుట్టూ పెయింటు పాతబడి పసుపు పట్టింది, ఆ గుండ్రం మాత్రం తెల్లగా ఉంది. ఇక్కడేం ఉండేదని అడిగితే, అలారం, సర్వీసుకు తీశామన్నారు. ఎప్పుడు తీశారంటే గుర్తులేదన్నారు. ఏ అలారం? పొగదా, కార్బన్ మోనాక్సైడ్‌దా? చూసి చెబుతామన్నారు. ఇప్పటికీ చెప్పలేదు.

కార్బన్ మోనాక్సైడే చంపిందని నేను అనడం లేదు. నాకు తెలియదు. గ్యాస్ హీటర్ సరిగా మండకపోతే వచ్చే ఆ విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో దాన్ని కొలవవచ్చు, మనిషి పోయాక కూడా. దాచిన శాంపిల్‌లో ఆ పరీక్ష చేయమని మేం రాసి ఇచ్చాం, ఫలితం రావాల్సి ఉంది. ఈలోగా ఆ అలారం మీ స్టోర్ రూములో ఎక్కడో ఉండాలి. దాని వెనక తయారీ తేదీనో, మార్చాల్సిన తేదీనో అచ్చేసి ఉంటుంది, ఎందుకంటే లోపలి సెన్సర్ కొన్నేళ్ళకు అరిగిపోతుంది. గాలిలో ఆ వాయువు ఎంతదాకా పెరిగిందో కొన్ని మోడళ్ళు గుర్తుపెట్టుకుంటాయి కూడా. మీరు భయపడాల్సింది ఏమీ లేకపోతే, మిమ్మల్ని కాపాడే సాక్ష్యం కూడా అదే. పారేశామని మాత్రం రాయకండి.

సీసీ కెమెరా ఫుటేజీ సంగతి ఇంకో కథ. ఆరో రోజున మెయిల్ పెట్టాను, కారిడార్ కెమెరా రికార్డింగ్ చెరిపేయకుండా ఉంచండి, మాకు ఇవ్వకపోయినా పోలీసులకు ఇవ్వండి అని. 30 రోజులు దాటితే పాతది దానంతట అదే పోతుందని మీ సెక్యూరిటీ అతనే నాకు చెప్పాడు. మీ జవాబు 33వ రోజున వచ్చింది. మీరు అడిగిన ఫుటేజీ అందుబాటులో లేదు, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. లిఫ్టు ఆగిపోతే వాడే మాట అది.

తలుపు ఎలక్ట్రానిక్ తాళం. ఏ కార్డు ఎన్నింటికి పెట్టారో దానిలో నమోదవుతుంది. ఆ మెమరీకి ఒక హద్దు ఉంటుంది, కొత్తవి చేరేకొద్దీ పాతవి పోతాయి. ఆ గదిని ఇప్పటికే వేరొకరికి ఇచ్చారని విన్నాను. ఆ కొత్త విద్యార్థి తలుపు తీసిన ప్రతిసారీ మా తమ్ముడి చివరి రాత్రి కొంచెం కొంచెంగా చెరిగిపోతోందేమో. మీ సర్వర్‌లో కాపీ ఉంటే చెప్పండి. సోమవారం మధ్యాహ్నం మీ స్టాఫ్ ఒకసారి తలుపు తట్టారని మీ జవాబులో రాశారు. తట్టినవారి పేరు, టైము రాయలేదు. నేను మొదటి ఫోన్ చేసిందే రాత్రి 8 గంటలకైతే, మధ్యాహ్నం ఎవరు చెబితే వెళ్ళారు? నా టికెట్లలో దేనిలోనూ ఆ సంగతి లేదు.

ఒక విషయం మాత్రం నేను క్షమించలేను. ఆ వారం ఆ బిల్డింగ్‌లో ఉంటున్న విద్యార్థులందరికీ మీరు మెయిల్ పంపారు. ఒక విద్యార్థి "వ్యక్తిగత కారణాలతో" మరణించాడనీ, మనసు బాగోలేనివారు కౌన్సెలింగ్ నంబరుకు ఫోన్ చేయవచ్చనీ. ఆ రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే చదివినవాళ్ళు ఏమనుకుంటారో మీకు తెలియదా? డాక్టరు నిర్ధారించలేనిది, పోలీసులు అననిది మీ ఆఫీసు ఒక్క పూటలో తేల్చేసింది. ఆ మెయిల్ ఊళ్ళు దాటింది. పరీక్షల టెన్షనా, ప్రేమ వ్యవహారమా అని మా అమ్మను అడిగినవాళ్ళున్నారు. కౌన్సెలింగ్ నంబరు ఇవ్వడం మంచిదే, ఇవ్వండి. మా వాడి చావుకు మీరు పేరు పెట్టకండి.

అదే నెలాఖరున వాడి మెయిల్‌కు మీ దగ్గర్నుంచి ఇంకోటి వచ్చింది. అద్దె గడువు దాటిందట, ఆలస్య రుసుము పడుతుందట. ఆ తర్వాత డిపాజిట్‌లోంచి పరుపు ఖర్చు, క్లీనింగ్ ఖర్చు పట్టుకున్నామని నాకు లెక్క పంపారు. డబ్బు గురించి నేను అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు. కానీ ఆ క్లీనింగ్ బిల్లు కాపీ మాత్రం కావాలి. దానిమీద వచ్చినవాళ్ళ ఏజెన్సీ పేరు, టైము ఉంటాయి కాబట్టి.

పోలీసులు తాళం ఇచ్చాక గది మాదే, మా హక్కు అని మీ లీగల్ విభాగం రాసింది. హక్కు ఉంది, కాదనను. రెండు రోజులు ఆగమని, కుటుంబం వస్తోందని బుధవారమే ఫోన్‌లో చెప్పాను. అది నాలుగో టికెట్. దేహాన్ని విమానంలో తేవాలంటే ఎంబామింగ్ చేయాలి, అంటే పాడవకుండా రసాయనాలు ఎక్కించాలి. అది అయ్యాక మళ్ళీ పరీక్షలు చేయించినా మందుల జాడలు సరిగా తేలవని డాక్టరు ముందే చెప్పారు. అంటే ఇక మిగిలింది మీ దగ్గరున్నవే.

కాబట్టి ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఆ అలారాన్ని ఉన్నదున్నట్టు పోలీసులకు అప్పగించి రసీదు కాపీ మాకు పంపండి. హీటర్ చివరి సర్వీసు కాగితం, తలుపు తాళం రికార్డు, నా నాలుగు టికెట్ల మీద మీ స్టాఫ్ రాసుకున్న నోట్సు, కాల్ రికార్డింగులు కావాలి. విద్యార్థులకు పంపిన మెయిల్‌ను సవరిస్తూ, మరణకారణం ఇంకా తెలియలేదని అదే జాబితాకు ఇంకో మెయిల్ పంపండి. వాడి మెయిల్‌కు బిల్లులు పంపడం ఆపండి, అమ్మ దాన్ని రోజూ తెరిచి చూస్తోంది. వీటిలో ఏది ఇవ్వలేకపోయినా, ఎందుకు ఇవ్వలేరో పేరూ హోదా ఉన్న మనిషి సంతకంతో రాయండి. గడువు దాటితే ఈ ఫిర్యాదు ప్రతిని మా కాన్సులేట్‌కు, కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు, కేసు చూస్తున్న పోలీసు అధికారికి పంపుతాను.

చివరగా కళ్ళజోడు. మీ జాబితాలో 19వ వరస, "కళ్ళజోడు 1". వాడికి అది లేకపోతే గుమ్మం కూడా సరిగా కనబడదు. పడుకునేటప్పుడు తీసి దిండు కింద పెట్టుకుంటాడు, చిన్నప్పటి నుంచీ అంతే. దానిమీద కూర్చుని రెండుసార్లు విరగ్గొట్టాను కూడా. పోలీసులు తీసిన ఫొటోల్లో అది కనబడలేదు. దిండు కింద దొరికితే వాడు నిద్రలో ఉన్నట్టు, బాత్రూములోనో టేబుల్ మీదో దొరికితే లేచి ఉన్నట్టు. డాక్టరు రెండో ప్రశ్నకు మాకు మిగిలిన జవాబు అదొక్కటే. గురువారం ఆ గది సర్దినవాళ్ళను పిలిచి, అది ఎక్కడి నుంచి తీశారో అడిగి రాయండి.

ఇట్లు,
అతని అక్క
(అమ్మానాన్నల సంతకాలు కింద ఉన్నాయి)