మెయిల్ రాలేదంటే ముందు ఎక్కడ వెతకాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ కెరీర్ పేజీ చదివి అప్లై చేయడానికి వచ్చే పిల్లలే మా ఇంటర్నెట్ సెంటర్‌లో ఎక్కువ. ఈ మధ్య వాళ్ళు పదే పదే అనే మాట ఒకటే, "అన్నా, నాకు మెయిల్ రాలేదు" అని. హాల్ టికెట్ లింకు కావచ్చు, ఇంటర్వ్యూ కాల్ లెటర్ కావచ్చు, అమెరికా వెళ్దామనుకునే పిల్లలకైతే యూనివర్సిటీ అడ్మిషన్ లెటర్ కావచ్చు. కూర్చోబెట్టి వెతికిస్తే చాలాసార్లు అది ఆ జీమెయిల్‌లోనే దొరుకుతుంది, దొరక్కపోతే ఎందుకు రాలేదో అన్నా తెలుస్తుంది. గడువు అయిపోయాక తెలిస్తే మాత్రం చేసేదేం లేదు, అందుకే రాస్తున్నా, కాస్త పెద్దదైనా వేయండి.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ కొడుతున్నది స్టోరేజ్ నిండిపోవడం. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది ఒక్క మెయిల్‌కే అనుకుంటారు అందరూ, కానీ జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు మూడిటికీ కలిపి అంతే. 2021 జూన్ నుంచి గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కే ప్రతి ఫోటో దాదాపు ఇందులోకే లెక్కేస్తున్నారు, 2024లో ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోకే తెచ్చారు. అంటే పెళ్ళి వీడియోలు, గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మలు కలిసి ఆ చోటంతా తినేస్తాయి, ఒకసారి నిండిందా ఇక కొత్త మెయిల్ లోపలికి రాదు, పంపినవాళ్ళకే తిరిగి వెళ్ళిపోతుంది. అవతల పంపేది మనిషి అయితే ఫోన్ చేసి అడుగుతాడు, హాల్ టికెట్లు పంపేది కంప్యూటర్ కదా, దానికి తిరిగొచ్చినవి ఎవరు చూస్తారు? ఇలా తిరిగిపోయిన మెయిల్ స్పామ్‌లోనూ (పనికిరానివని జీమెయిల్ పక్కన పెట్టే చోటు) ఉండదు, ట్రాష్‌లోనూ (డిలీట్ చేసినవి వెళ్ళే చోటు) ఉండదు, ఎంత వెతికినా దొరకదు, ఖాళీ చేసుకుని మళ్ళీ పంపమని అడగాల్సిందే. ఖాళీ చేసేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోండి, డిలీట్ కొడితే సరిపోదు, ట్రాష్‌లో ఉన్నవి కూడా లెక్కలోకే వస్తాయి కాబట్టి ట్రాష్ కూడా ఖాళీ చేయాలి.

స్టోరేజ్ బాగానే ఉంటే అప్పుడు వెతుకుడు మొదలుపెట్టండి, వీలైతే కంప్యూటర్లో. ఫోన్లో మెయిల్ మీద వేలు పక్కకి జరిపితే చాలా ఫోన్లలో అది ఆర్కైవ్ అయిపోతుంది, అంటే ఇన్‌బాక్స్‌లో కనపడదు గానీ పోలేదు, ఆల్ మెయిల్‌లో ఉంటుంది. ప్రమోషన్స్, అప్‌డేట్స్ ట్యాబులు కూడా చూడండి. మామూలుగా సెర్చ్ చేస్తే స్పామ్, ట్రాష్ వెతకదు, ఈ సంగతి తెలీక చాలామంది "సెర్చ్ చేశాను లేదన్నా" అంటారు. కంప్యూటర్లో సెర్చ్ పెట్టె చివర ఉండే గుర్తు నొక్కి ఎక్కడ వెతకాలో అడిగిన చోట స్పామ్, ట్రాష్ కూడా కలిపి పెట్టుకోవాలి. ఈ రెండిట్లో ఉన్నవి 30 రోజులకి వాటంతటవే చెరిగిపోతాయి, నెల తర్వాత తీరిగ్గా చూద్దాంలే అంటే కుదరదు.

ఆఫీసుల గొడవ వేరు. అకౌంటెంట్ గారి కంప్యూటర్లో ఎప్పుడో పాప్ పద్ధతిలో (మెయిల్స్‌ని సర్వర్ నుంచి ఆ కంప్యూటర్లోకి దించుకునే పద్ధతి) ఔట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రాం పెట్టి ఉంటే అది మెయిల్స్ దించుకుని సర్వర్లోంచి తీసేస్తుంది కొన్నిసార్లు, ఓనర్ గారేమో ఫోన్లో చూసి మెయిల్స్ మాయమైపోతున్నాయి అంటారు. సర్వర్లో కాపీ ఉంచమని ఆ సెట్టింగు మారిస్తే చాలు.

భయపడాల్సింది మాత్రం ఒకటుంది. బ్యాంకు మెయిల్స్ ఒక్కటే కనపడట్లేదు, మిగతావన్నీ వస్తున్నాయి అంటే సెట్టింగుల్లో ఫిల్టర్లు, ఫార్వార్డింగ్ వెంటనే తెరిచి చూడండి. ఎవడో పాస్‌వర్డ్ కొట్టేసి, ఫలానా చోటు నుంచి వచ్చేవి నాకు పంపు, ఇక్కడ చెరిపెయ్ అని రూల్ పెట్టి ఉండొచ్చు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఆ రూల్ పోదు, దాన్ని మనమే విడిగా తీసేయాలి, టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలకుండా రెండోసారి కూడా సరిచూసే పద్ధతి, అది కూడా పెట్టుకోవాలి.

ఇక మా లైన్లో వాళ్ళకి కోపం వచ్చినా సరే ఈ మాట చెప్పాలి. కొన్ని సెంటర్లలో పని తొందరగా అవ్వాలని అప్లికేషన్‌లో పిల్లల మెయిల్ బదులు సెంటర్ మెయిల్ కొట్టేస్తున్నారు, లేదా అప్పటికప్పుడు ఒక కొత్త ఐడీ తయారుచేసి దాని పాస్‌వర్డ్ చెప్పకుండానే పంపేస్తున్నారు. మా దగ్గరికొచ్చిన ఒకమ్మాయికి ఇలాగే జరిగింది, వాళ్ళ నాన్న కూలి పని మానుకుని తోడొచ్చాడు, ఆ అమ్మాయి జీమెయిల్ అంతా గాలించాం, ఏమీ లేదు. చివరికి అప్లికేషన్ ప్రింటు తెప్పించి చూస్తే అందులో ఉన్న ఐడీ ఆ పిల్లది కానే కాదు. ఇంటర్వ్యూ అప్పటికే అయిపోయింది. ఆ తండ్రి ఏమీ అనలేదు, ప్రింటు మడిచి జేబులో పెట్టుకున్నాడు, నాకు మాత్రం ఆ రోజంతా మనసు బాలేదు. తల్లిదండ్రులు దయచేసి సబ్మిట్ కొట్టకముందే మెయిల్ ఐడీ, ఫోన్ నంబరు ఒక్కో అక్షరం చదివించుకోండి, ప్రింటు మీ దగ్గరే ఉంచుకోండి.

పరీక్షలు పెట్టేవాళ్ళు, ఉద్యోగాలిచ్చేవాళ్ళు ఒక్క మెయిల్‌నే నమ్ముకోకుండా మొబైల్‌కి ఎస్ఎంఎస్ కూడా పంపాలి, అదే లెటరు వెబ్‌సైట్లో లాగిన్ అయితే దొరికేలా పెట్టాలి, తిరిగొచ్చిన మెయిల్స్ చూడ్డానికి ఒక మనిషిని పెట్టాలి. మీరు కూడా నోటిఫికేషన్ వేసినప్పుడల్లా కింద రెండు లైన్లు, స్టోరేజ్ చూసుకోండి, స్పామ్ చూసుకోండి అని వేస్తే మా దగ్గరిదాకా రాలేని ఊళ్ళ పిల్లలకి కూడా తెలుస్తుంది.

ఇట్లు
ఒక ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకుడు, పల్నాడు జిల్లా