2 ఓమ్‌ల లోడ్‌కు పనికొస్తుందని అమ్మిన యాంప్లిఫయర్ కాలిపోవడంపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: స్టీరియో పవర్ యాంప్లిఫయర్‌కు వారంటీ నిరాకరణ, కరపత్రంలో తప్పు సమాచారం.

అయ్యా,

పర్లాకిమిడిలో మైక్‌సెట్ అద్దెకిచ్చుకుని బతుకుతున్నాను. మీ యాంప్లిఫయర్‌ను మీ డీలరు దగ్గరే బిల్లు తీసుకుని కొన్నాను. వినాయక నవరాత్రుల్లో కాశీనగర్ వైపు ఒక ఊరి పందిట్లో పాటలు నడుస్తుండగా ఒక ఛానెల్ కాలిపోయింది. స్పీకర్లకు కరెంటు అందించే 5200, 1943 నంబర్ల ట్రాన్సిస్టర్లు షార్టయ్యాయి. డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) నేరుగా స్పీకర్ బాక్సుల్లోకి వెళ్లి స్పీకర్ కాయిల్స్ కూడా పోయాయి. పండగ పూట ఊరివాళ్లకు సమాధానం చెప్పుకోలేక నానా అవస్థ పడ్డాను. మీ సర్వీసు సెంటరు వాళ్లు మూత విప్పి చూసి, "ఓవర్‌లోడ్, వారంటీ వర్తించదు" అని రాసిచ్చారు.

ఆ రాత్రి ఛానెల్‌కు నాలుగు 8 ఓమ్‌ల బాక్సులు పారలల్‌లో ఉన్నాయి, అంటే 2 ఓమ్‌లు. అలా కలపమన్నది మీ తెలుగు కరపత్రమే. 8 ఓమ్‌లకు 200 వాట్లు, 4కు 400, 2కు 800 అని అందులో పట్టిక వేశారు. పెట్టె వెనక ప్లేటు మీద మాత్రం కనీసం 4 ఓమ్‌లని సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. తెలుగులో ఒక మాట చెప్పి సరుకు అమ్మి, కాలిపోయాక ఇంగ్లీషు మాట చూపించడం అన్యాయం.

పట్టికలో లెక్క ఓమ్ సూత్రం ప్రకారం సరైనదే. 40 వోల్టులు తగ్గకుండా నిలిస్తే 8 ఓమ్‌లలో 5 ఆంపియర్లు, 4లో 10, 2లో 20 వెళతాయి. కానీ ఆ కరెంటు మోయాల్సింది లోపలి ట్రాన్సిస్టర్లు. 20 ఆంపియర్లంటే సగటు లెక్క, కరెంటు అల శిఖరానికి ఎక్కినప్పుడు 28 దాటుతుంది. మీరు ఛానెల్‌కు పెట్టినవి రెండే జతలు. జతలో ఒకటి అల పై సగాన్ని, రెండోది కింది సగాన్ని మోస్తాయి కాబట్టి ఒక్కో ట్రాన్సిస్టర్ మీద 14 ఆంపియర్లు పడతాయి, దాని హద్దు 15. అవి తట్టుకుంటాయని రాసిన 150 వాట్ల వేడి కూడా ట్రాన్సిస్టర్ ఒళ్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి మాట. 87 డిగ్రీలకు చేరితే సగమే మిగులుతుంది. పైగా అదే సప్లై మీద లోడు 8 నుంచి 2 ఓమ్‌లకు దిగితే పుట్టే వేడి నాలుగింతలు. మీ హీట్‌సింకు, ఫ్యాను 4 ఓమ్‌లకు సరిపోయేవే. ఇంకో సంగతి, 8 ఓమ్‌ల స్పీకరుకు మల్టీమీటరు పెడితే 6 దగ్గర చూపిస్తుంది. నాలుగు కలిస్తే ఒకటిన్నరే. ఇవన్నీ మీ ఇంజనీర్లకు తెలియనివి కావు.

వైరు గురించి కరపత్రంలో ఒక్క ముక్క లేదు. మా పల్లెల్లో స్టేజీ నుంచి బాక్సులకు 50 మీటర్ల వైరు మామూలే. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ రానూపోనూ 100 మీటర్లకు 1.7 ఓమ్‌లు ఉంటుంది. చివర 2 ఓమ్‌ల లోడు పెడితే దగ్గర దగ్గర సగం పవర్ వైరులోనే వేడై పోతుంది, మీరు చెప్పిన 800 వాట్లు బాక్సులకు చేరనే చేరవు. దూరం లైన్లకు హారన్లను యాంప్లిఫయర్ 100 వోల్టుల ట్యాపు (ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కనెక్షన్) మీద నడిపేది ఇందుకే. వోల్టేజీ పెంచి కరెంటు తగ్గిస్తాం. మీ కరపత్రం దీనికి సరిగ్గా ఎదురుదారి చూపిస్తోంది, అదీ ఇప్పుడిప్పుడే ఈ పనిలోకి దిగుతున్న కుర్రాళ్లకు. బరంపురం, రాయగడ వైపు కూడా తెలుగు కుర్రాళ్లు ఇదే పని మీద బతుకుతున్నారు. అప్పు చేసి కొన్న పెట్టె ఒక్క రాత్రిలో పోతే వాళ్లు తేరుకోలేరు.

యాంప్లిఫయర్‌ను, పోయిన స్పీకర్లను మీ ఖర్చుతో బాగుచేసి ఇవ్వాలి. ఆ పట్టికలోంచి 2 ఓమ్‌ల వరుస తీసేసి, కనీస ఓమ్‌లు, వైరు మందం తెలుగులో, ఒడియాలో స్పష్టంగా అచ్చువేయాలి. పాత కరపత్రాలను డీలర్ల దగ్గర నుంచి వెనక్కి తీసుకోవాలి.

30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవాణ్ని కూడా ఆ చట్టం వినియోగదారుడిగానే చూస్తుంది.

బిల్లు, కరపత్రం, వెనక ప్లేటు ఫోటో, సర్వీసు సెంటరు రాసిచ్చిన కాగితం నకళ్లు జతచేశాను.

ఇట్లు,
మైక్‌సెట్ నిర్వాహకుడు,
పర్లాకిమిడి.