చంటివాడి పుట్టినరోజు పొద్దున్నే పెట్టుకో తల్లీ

విజయవాడ,
ఏప్రిల్ 20.

చి. సౌ. అనూరాధను నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. చంటివాడి మొదటి పుట్టినరోజు ఇంట్లోనే చేస్తామని, చెత్త పోగుపడకుండా చేయాలని ఉందని నిన్న ఫోనులో అన్నావు. ఆ మాటకు నాకెంత సంతోషం కలిగిందో చెప్పలేను. తీరిగ్గా చెప్పవలసిన సంగతులు ఉన్నాయి కనుక ఉత్తరం రాస్తున్నాను.

రాత్రి విందు వద్దు, పొద్దున్నే పెట్టుకో. ఆరున్నరకు దేవుడి దగ్గర దీపం, ఏడింటికి టిఫిన్లు, తొమ్మిదిన్నరకల్లా అందరూ ఇళ్లకు. ఆకులూ గ్లాసుల సంగతి తరువాత చూద్దాం, ముందు వేళ సరిచేసుకో. మే నెలలో మీ డాబా పగలంతా తాగిన ఎండను రాత్రి పది దాకా కక్కుతూనే ఉంటుంది. అక్కడ నిలవలేక జనమంతా ఏసీ గదుల్లోకి చేరతారు. అద్దె కూలర్లు, వరుస దీపాలు, కరెంటు పోతుందేమోనని జనరేటరు. ఇంతా చేస్తే మిగిలిన పప్పూ కూరా తెల్లవారేసరికి పులుస్తాయి. అదే పొద్దున మిగిలిన ఇడ్లీలైతే వేడి తగ్గకముందే నలుగురికి పెట్టవచ్చు. మీ ఇంటి వెనక వేపచెట్టు నీడ తొమ్మిది దాటేదాకా ఎంత చల్లగా ఉంటుందో నీకు తెలుసు.

టిఫిన్ పెట్టి పంపేస్తే మీ అత్తగారివైపు వాళ్లు ఏమనుకుంటారో అని నువ్వు సంకోచిస్తావు. మీ మామగారితో నేను మాట్లాడతాను. పెసరట్టు ఉప్మా, అల్లం పచ్చడి, ఇడ్లీ, నేతి గారెలు, చివర నూజివీడు చిన్నరసాలు తలకు రెండు. దీన్ని తక్కువ మర్యాద అనేవాళ్లు మన బంధువుల్లో ఎవరూ లేరు.

పోయిన మే నెలలో నా షష్టిపూర్తికి రెండు వందల చిన్న నీళ్ల సీసాలు తెప్పించాను. మర్నాడు పొద్దున డాబా ఎక్కితే కుర్చీల కింద, పిట్టగోడ మీద, ఎక్కడ చూసినా సగం తాగి వదిలేసిన సీసాలే. ఒక్కొక్కటి మూత తీసి బకెట్లలో వంచుతుంటే రెండు బకెట్లు నిండి మూడోది సగానికి వచ్చింది. కడుపు తరుక్కుపోయింది. ఆ నీళ్లు మొక్కలకు పోశాను, సీసాలను మాత్రం ఏం చేయను? 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, అలంకరణ థర్మోకోల్ నిషేధించారు. నీళ్ల సీసాలు ఆ జాబితాలో లేవు. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు ఏలూరు కాలువ గట్టున నడిచి చూడు, అడుగున ఏమేం పేరుకున్నాయో కనబడుతుంది. డెల్టాకు నీళ్లు వదలగానే అదంతా దిగువ పొలాల వైపు సాగిపోతుంది.

అందుకని నీళ్లకు ఇరవై లీటర్ల క్యాన్లు తెప్పించు, ఖాళీవి తిరిగి తీసుకుంటారు. పక్కన రెండు పెద్ద కుండలు పెట్టు. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, మొదటి నీళ్లు పారబోసి వాడాలి. గాలి తగిలేచోట తడి ఇసుక మీద నిలబెట్టి గుడ్డ చుట్టు. కుండ ఒంటికి చెమ్మ పట్టి ఆరుతుంటేనే లోపలి నీళ్లు చల్లబడతాయి, మూల గదిలో పెడితే లాభం లేదు.

కాగితపు కప్పులు మంచివని నీకెవరో చెప్పారట. ఒక కప్పును చింపి రాత్రంతా నీళ్లలో ఉంచు. కాగితం గుజ్జవుతుంది, లోపలి పల్చని ప్లాస్టిక్ పొర అలాగే చేతికి వస్తుంది. విస్తర్లు కొన్నా అంతే, ఆకుకు మెరిసే పొర అతికించి ఉంటే తీసుకోకు. పుల్లలతో కుట్టిన అడ్డాకువి దొరికితే సరే, లేదా అరటి ఆకులు కోయించు. తిన్న ఆకులు ముక్కలు చేసి ఎండాకులతో కలిపి గోతిలో వేసి పైన మట్టి కప్పితే వాసన రాదు.

గ్లాసులు టెంట్ హౌసు నుంచి స్టీలువి అద్దెకు తెచ్చుకో. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మనం ప్లాస్టిక్ మానేసి, ఆ కడుగుడంతా మీ ఇంట్లో పనిచేసే ఆవిడ నడుము మీద వేస్తే అది న్యాయం కాదు. ఆ రోజుకు తోడుగా ఇంకొకరిని పిలిపించు, ఇద్దరికీ కూలి ఎంతో ముందే చెప్పు, వాళ్లు తిన్నాకే కడగడం మొదలుపెట్టమను. కడిగేది నీడలో ఉండాలి. మొదటి తొట్టిలో సబ్బు నీళ్లు, రెండో తొట్టిలో మంచి నీళ్లు పెడితే కుళాయి వదిలేయక్కర్లేదు.

కూల్‌డ్రింకులు వద్దు, మజ్జిగ చెయ్యి. యాభై మందికి తలా రెండు గ్లాసులంటే ఇరవై లీటర్లు. అయిదు లీటర్ల పెరుగు చిలికి పదిహేను లీటర్ల నీళ్లు కలుపు. అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి, కరివేపాకు నలిపి, నిమ్మకాయ మాత్రం వడ్డించే ముందు పిండు. ఐస్‌క్రీము కప్పులకు బదులు ముంజలు పెడదాం. కాయలు గెలలతోనే తెప్పిస్తే కొట్టేవాడి చుట్టూ పిల్లలంతా మూగుతారు. బొటనవేలితో ముంజను పెకలిస్తుంటే చివ్వున మొహాన చిమ్మే ఆ నీటికి నువ్వు చిన్నప్పుడు కేరింతలు కొట్టేదానివి. చంటివాడు కూడా ఒకసారి రుచి చూడాలని నా కోరిక, గింజంత గుజ్జు నాలుక మీద రాస్తే చాలు.

అలంకరణకు బుడగలూ థర్మోకోల్ అక్షరాలూ ఎందుకమ్మా? గుమ్మానికి మామిడి తోరణాలు, ఉయ్యాలకు మల్లెదండలు. తాటాకు చిలకలు అల్లడం మీ అమ్మకు వచ్చు, ఇప్పటికే ఆకులు తెమ్మని నన్ను అడుగుతోంది.

ముందురోజు సాయంత్రం బస్సుకు వస్తాం. కుండలు నేను తెస్తాను, అక్కడ కొనకు. నువ్వు మాత్రం పిలిచేవాళ్ల లెక్క పక్కాగా చూసి ఆదివారం లోపల చెప్పు, దాన్ని బట్టే పెరుగూ మామిడిపళ్లూ.

అల్లుడుగారికి మా ఆశీస్సులు చెప్పు. చంటివాడికి ముద్దులు.

మీ నాన్న