పాలపన్నే కదా అని తీయించేయకండి
పిల్లల్లో ఎత్తుపళ్లు, వంకరపళ్లు, పళ్ల వరుసలు సరిగా కలవకపోవడం అన్నీ వంశపారంపర్యమేనని చాలామంది సరిపెట్టుకుంటున్నారు. దవడ తీరు వారసత్వంగా వచ్చే మాట నిజమే గానీ, చేజేతులా తెచ్చుకునేవీ ఉన్నాయి. పుచ్చిన పాలపన్నును ‘ఎలాగూ ఊడేదేగా’ అని ముందే తీయించేస్తే పక్క పన్ను ఆ ఖాళీలోకి ఒరిగిపోతుంది, తర్వాత రావాల్సిన శాశ్వత దంతానికి చోటుండదు. వెనక పాలదంతాలు 10-12 ఏళ్ల దాకా ఉండాల్సినవి! 4 ఏళ్లు దాటినా బొటనవేలు చీకే పిల్లలకు, నోరు మూసినా పై ముందుపళ్లకీ, కింది ముందుపళ్లకీ మధ్య సందు మిగిలిపోవడం మా బంధువుల ఇళ్లలోనే చూశాను. నోరు తెరిచి నిద్రపోయే అలవాటునూ ఎవరూ పట్టించుకోరు. 7 ఏళ్లకల్లా ప్రతి బడిలో దంతవైద్యుడితో పళ్ల వరుస పరీక్ష చేయించాలి. పన్ను తీయక తప్పకపోతే, ఖాళీని కాపాడే స్పేస్ మెయింటెయినర్ అవసరమేమో తల్లిదండ్రులు అప్పుడే అడగాలి.