జీలకర్ర గింజల్లాంటి చుక్కలు

కన్నా,

నువ్వు పంపిన దేవయాని గెలాక్సీ ఫొటో చూశాను. లెన్స్ బాగాలేదేమో, మార్చాలేమో అని రాశావు. తొందరపడకు. ఫొటోని బాగా పెద్దది చేసి చూడు. చుక్కలన్నీ ఒకే వైపుకి జీలకర్ర గింజల్లా సాగాయి. లెన్స్ లోపమైతే మధ్యలోవి గుండ్రంగా ఉండి, మూలల్లోవి మాత్రమే రెక్కలొచ్చినట్టు కనిపిస్తాయి. నీకు మధ్యలోవి కూడా సాగాయి. అంటే తేడా కెమెరాని చుక్కల వెంట తిప్పే మౌంట్ గురిలో ఉంది.

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మౌంట్ అంతే వేగంతో వెనక్కి తిరుగుతుంది, దాని పని అంతే. కానీ దాని ఇరుసు భూమి ఇరుసుకి సమాంతరంగా ఉండాలి. "ధ్రువ నక్షత్రాన్ని సరిగ్గా మధ్యలో పెట్టానమ్మా" అన్నావు చూడు, చిక్కంతా అక్కడే. ధ్రువ నక్షత్రం అసలు ధ్రువం మీద ఉండదు. అర డిగ్రీకి పైగా పక్కకుంటుంది, నిండు చందమామ వెడల్పు కంటే కాస్త ఎక్కువే. ఆ మాత్రం తేడాకే 2 నిమిషాల ఎక్స్‌పోజర్‌లో చుక్క 20 ఆర్క్ సెకన్ల (ఒక్కోటి డిగ్రీలో 3600వ వంతు) దాకా జరగొచ్చు. నీ 200 ఎంఎం లెన్స్‌తో అది నాలుగైదు పిక్సెళ్లు.

మౌంట్‌లో ధ్రువం వైపు గురి చూసే చిన్న దుర్భిణి, పోలార్ స్కోప్‌లో చిన్న వలయం కనిపిస్తుంది కదా, ధ్రువ నక్షత్రాన్ని పెట్టాల్సింది ఆ గీత మీద. ఏ గంటకి ఎక్కడ ఉండాలో ఫోన్‌లో యాప్ చెబుతుంది. కెమెరా బిగించి, గెలాక్సీ వైపు తిప్పాక ఇంకోసారి చూసుకో. ఆ బరువుకి స్టాండు కాస్త కుంగుతుంది.

నా మొదటి రాత్రి సంగతి నీకు చెప్పలేదనుకుంటా. గురి బాగా కుదిరింది. కానీ మౌంట్ మీద ఉత్తర, దక్షిణ అర్ధగోళాల స్విచ్ ఒకటి ఉంటుంది, అది దక్షిణం వైపు ఉంది. మౌంట్ ఎదురు దిక్కుకి తిరుగుతూ పోయింది. అసలు మౌంటే లేకుండా తీస్తే వచ్చే గీతలకి రెట్టింపు పొడవు! రెండు గంటలు ఊరికే పోయాయి. మీ నాన్న ఇప్పటికీ నవ్వుతారు.

ఫోకస్‌కి లెన్స్ మీది అనంతం గుర్తుని నమ్మకు. కెమెరా తెర మీద లైవ్ వ్యూలో ప్రకాశవంతమైన చుక్కని పది రెట్లు పెంచి, రింగుని వెంట్రుకవాసి చొప్పున తిప్పు. చుక్క చిన్నదవుతూ వచ్చి, మళ్లీ లావవుతుంది. అప్పుడు వెనక్కి రా. పక్కన అంతదాకా కనపడని సన్న చుక్కలు తేలాయంటే అదే చోటు. టేపు అంటించెయ్. చలి పెరిగితే ఫోకస్ జరుగుతుంది, గంటకోసారి చూడు.

1880 సెప్టెంబర్ 30న అమెరికా ఖగోళ శాస్త్రవేత్త హెన్రీ డ్రేపర్ ఓరియన్ నెబ్యులా అనే వాయుమేఘాన్ని మొదటిసారి ఫొటో తీసినప్పుడు 51 నిమిషాలు ఒకే ప్లేటు మీద వెలుగు పట్టాడు. మధ్యలో గాలికి టెలిస్కోపు ఊగితే అంతా పోయినట్టే. మనకి ఆ టెన్షన్ లేదు. నిమిషం నిమిషం చొప్పున తీసి, విమానం గీసినవి పారేసి, మిగతావి స్టాక్ చేస్తాం, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతాం. ఫ్రేములు నాలుగు రెట్లయితే ఫొటోలో గరుకుగా కనిపించే నాయిస్ సగమవుతుంది. అందుకే మూడు ఫొటోలతో ఆగకు, వంద తియ్.

కెమెరా సొంత మచ్చల్ని ఫొటోలోంచి తీసేయడానికి వాడే డార్క్ ఫ్రేములు ఇంటికొచ్చాక తీయకు. అక్కడే, అదే చలిలో, మూత పెట్టి, అవే సెట్టింగులతో తియ్.

ఈసారి ఫోన్‌లో కుదించిన ఫొటో వద్దు, కెమెరా తీసింది తీసినట్టు దాచే రా (RAW) ఫైలు ఒక్కటి పంపు. చుక్కలు ఏ వైపు సాగాయో కొలిచి చెబుతాను.

అమ్మ