రంగు బొమ్మ కింద నంబరు వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో వచ్చిన పసుపు గోడల హాలు బొమ్మను మా ఆవిడ కత్తిరించుకుని రంగుల దుకాణానికి తీసుకెళ్లింది. దుకాణదారు బొమ్మనూ షేడ్ కార్డునూ మార్చి మార్చి చూసి, పక్కపక్కనే ఉన్న రెండు పసుపులు చూపించి "ఈ రెంటిలో ఏదో ఒకటి అమ్మా" అన్నాడట. ఆ 'ఏదో ఒకటి' తేలేసరికి మాకు తొమ్మిది రోజులు పట్టింది.

కార్డు మీద ఒక్కో రంగు తపాలా బిళ్లంత. మా ఆవిడ స్టీలు పళ్లెంలో ఒక పక్క పెసరపప్పు, ఒక పక్క కందిపప్పు పోసి దాని పక్కన పెట్టింది. అచ్చం అవే రంగులు. మా ఇంట్లో వాటికి ఆ పేర్లే స్థిరపడ్డాయి.

నేను పుట్టింది వరంగల్ కొత్తవాడలో. మా నాన్న దర్రీలనే జంపఖానాల నూలుకు రంగులద్దేవారు. నూలు చిలపను (కట్టను) తొట్టిలోంచి తీయగానే ఎవరైనా "బాగుంది" అంటే కసురుకునేవారు. ఆరాక ఒకసారి ఎండలో, ఒకసారి నీడలో చూసి గానీ మాట్లాడేవారు కాదు. తడి నూలు ముదురుగా ఉండి, ఆరితే లేతబడుతుంది. గోడల ఎమల్షన్‌ది తలకిందుల వ్యవహారం: తడిగా ఉన్నప్పుడు పాలు కలిపినట్టు ఉండి, ఆరాక ఒక పిసరు ముదురుతుంది. నాలుగు గోడలకూ వేస్తే ఒకదాని పసుపు మరొకదాని మీద పడి ఇంకా చిక్కబడుతుంది.

దుకాణంలో లీటరుకు తక్కువ ఇవ్వలేదు. యంత్రంలో కలిపించాక వెనక్కి తీసుకోరు. రెండూ కొన్నాను (ఈ సంగతి మా అబ్బాయికి చెప్పలేదు). పాత అట్టలకు రెండేసి పూతలు వేసి హాల్లో ఉత్తరం కిటికీ పక్కన నిలబెట్టాం. పగలంతా రెంటికీ తేడా తెలియలేదు. సాయంత్రం ట్యూబులైటు వేయగానే పెసరపప్పు పచ్చిమామిడి ముక్కలా ఆకుపచ్చకు తిరిగింది. పడమటి గదిలోకి మారిస్తే, ఎండ వాలే వేళకు కందిపప్పు కాషాయమైంది! హాలుకు కందిపప్పు, ఆ గదికి పెసరపప్పు అని రాజీపడ్డాం.

పత్రిక నాలుగు సిరాల చుక్కలతో, కాస్త బూడిద ఛాయ ఉన్న కాగితం మీద అచ్చవుతుంది. గోడ రంగు అందులో ఉన్నదున్నట్టు రాదు, అది మీ తప్పూ కాదు. కానీ బొమ్మ కింద ఆ రంగు పేరు, నంబరు, ఫొటో పగటి వెలుగులో తీశారా, దీపాల కింద తీశారా అన్నది ఒక్క వరుసలో వేయవచ్చు కదా. మా డబ్బా మూతల మీద నేను రాసి పెట్టుకున్నాను.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ