ఉప్పెన గుర్తు ఊళ్లో కనపడాలి: విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మాది దివిసీమ, నాగాయలంక మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. మొన్నటి తుపానప్పుడు ఒక మీటరు ఎత్తున ఉప్పెన రావచ్చని ఫోనుకి హెచ్చరిక వచ్చింది. పక్కింటి కుర్రాడు పరుగున వచ్చి, "అన్నా, మీటరంటే మన వీధి మునుగుద్దా?" అని అడిగాడు. నాకు చెప్పడం రాలేదు. మా నాయనమ్మ బతికుంటే చెప్పేది.

1977 నవంబరు 19, శనివారం. ఆ సాయంత్రం ఆవిడ చీర కొంగుతో తనని, మా మేనత్తని కలిపి తాటిచెట్టుకి కట్టేసుకుని బతికింది. తెల్లారాక నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఆ చెట్టు మీద తాతయ్య కత్తితో గంటు పెట్టాడు. చిన్నప్పుడు నేను ఎంత ఎగిరినా ఆ గంటు అందేది కాదు. తర్వాత ఆ చెట్టు రొయ్యల చెరువు గట్టు కింద పోయింది. దాంతోపాటే మా ఊరి కొలతా పోయింది.

ఆనాడు తుపాను తీరం దాటింది చీరాల వైపు. కొట్టుకుపోయింది మేము. తుపాను కదిలే దారికి కుడి పక్కన, అంటే ఆనాడు మా వైపున, గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. మా దగ్గర సముద్రం లోతు తక్కువ, నేల పళ్లెంలా చదును. దాదాపు అయిదు మీటర్ల నీరు లేచింది, కిలోమీటర్ల కొద్దీ లోపలికి వచ్చింది. సర్కారు లెక్కకే పదివేల మంది పోయారు. ఇప్పటికీ టీవీలో "ఫలానా చోట తీరం దాటుతుంది" అనగానే, మనకి కాదులే అని మావాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. నా భయమంతా అక్కడే.

ఇది ఒక్కసారి వచ్చి పోయిన సంగతి కాదండీ. 1864 నవంబరులో బందరు ఉప్పెనకి ముప్పై వేల మంది పోయారంటారు. 1990 మేలో అంత పెద్ద తుపానే మళ్లీ వచ్చినా చావులు వెయ్యి లోపే. ముందే జనాన్ని తరలించారు, 77 తర్వాత కట్టిన షెల్టర్లు ఉన్నాయి. అప్పటి అధికారులకి మేము రుణపడి ఉన్నాం. మా ఊరి షెల్టరు మెట్లకి మాత్రం ఇప్పుడు కమ్మీలు బయటపడ్డాయి, ముసలివాళ్లు ఎక్కలేరు. దాన్ని కూడా బాగుచేయించండి.

అసలు అడగవచ్చింది ఇంకొకటి. కృష్ణా, బాపట్ల జిల్లాల తీరంలో ప్రతి ఊళ్లో, బడి గోడ మీదో సచివాలయం గోడ మీదో, 1977 నీటి మట్టం ఎర్రరంగుతో గీయించండి. దాని కిందే ఒక మీటరుకి ఎక్కడిదాకా, రెండు మీటర్లకి ఎక్కడిదాకా అని గీతలు. సర్వేయరు ఊరి నేల ఎత్తు కొలిస్తే చాలు, పెద్ద ఖర్చు కాదు. అవనిగడ్డ దగ్గర స్మారక స్తూపం ఉంది, ఏటా పూలు పెడతాం. మా పిల్లలకి మాత్రం రోజూ బడికెళ్తూ తల ఎత్తి చూసే గీత కావాలి.

2027 నవంబరుకి యాభై ఏళ్లు. నీళ్లు ఎంతదాకా వచ్చాయో చేయెత్తి చూపించగలిగినవాళ్లు మా వీధిలో ఇంకా ముగ్గురున్నారు. వాళ్లు ఉండగానే సర్వేయరుని పంపించండి.

ఇట్లు,
దివిసీమ వాసి